లండన్ అద్దె, దుబాయ్ అద్దె: నెల్లూరులో కూర్చుని పోల్చి చూసుకునే పద్ధతి

మా మేనల్లుడికి ఒకే వారంలో రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి లండన్‌లో, ఏడాదికి 42,000 పౌండ్లు. రెండోది దుబాయ్‌లో, నెలకు 14,000 దిర్హంలు. పెళ్లయి ఏడాదైంది, భార్యను వెంట తీసుకువెళతాడు. కావలి నుంచి మా అక్క ఫోను చేసి, "బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశావు, ఏ ఊళ్లో అద్దె గిట్టుబాటవుతుందో ఆ మాత్రం చెప్పలేవా?" అని నిలదీసింది.

మేనల్లుడు అప్పటికే ఒక కాగితం సిద్ధం చేసుకుని నెల్లూరు వచ్చాడు. లండన్‌లో వారానికి 335 పౌండ్ల ఇల్లు చూశాడు, నాలుగుతో గుణించి నెలకు 1,340 అన్నాడు. దుబాయ్‌లో ఏడాదికి 66,000 దిర్హంల ఇల్లు చూశాడు, పన్నెండుతో భాగించి 5,500 అన్నాడు. పౌండుకు 115, దిర్హంకు 24 చొప్పున రెండింటినీ రూపాయల్లోకి మార్చాడు. 1,54,100 ఒకవైపు, 1,32,000 మరోవైపు. "దుబాయే చవక మామయ్యా, నెలకు 22,000 మిగులు" అని తేల్చేశాడు.

దుబాయ్ చవక అన్న మాట చివరికి నిలబడుతుందా లేదా అన్నది తర్వాత చూద్దాం. వాడు దాన్ని చేరుకున్న దారిలో మాత్రం నాలుగు తప్పులున్నాయి. ఆ సాయంత్రం మా ఇంటి వసారాలో కూర్చుని ఆ లెక్కను మళ్లీ మొదటి నుంచి వేశాం. విదేశంలో రెండు ఊళ్ల మధ్య ఎంచుకోవాల్సిన వాళ్లకు అదే పద్ధతి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. ఇందులోని పన్నులు, చట్టాలు ఉన్నవే. అద్దెలు, కరెంటు బిల్లులు, మారకపు రేట్లు మాత్రం మేం లెక్కకోసం పెట్టుకున్నవి. వాటి చోట మీరు చూసిన ప్రకటనలోని అంకెలు, ఆ రోజు రేట్లు వేసుకోండి.

మొదటి మెట్టు: రూపాయిని పక్కన పెట్టడం

లండన్‌లో అద్దె కట్టేది అక్కడ సంపాదించిన పౌండ్లతోనే. దాన్ని రూపాయల్లోకి మార్చి నెల్లూరు అద్దెతో పోల్చితే గుండె దడ తప్ప మరేమీ మిగలదు. 1,54,000 అనగానే మా అక్క ముక్కున వేలేసుకుంది. జీతాన్ని కూడా రూపాయల్లోకి మార్చి చెబితే వేలు తీసి నవ్వింది. రెండూ పనికిరాని భావాలే.

ఈ లెక్కలో రూపాయికి రెండే చోట్ల పని ఉంది. బయలుదేరే ముందు ఇక్కడి నుంచి తీసుకువెళ్లే డబ్బు ఒకటి, నెలనెలా అక్కడి నుంచి ఇంటికి పంపే డబ్బు మరొకటి. మధ్యలో ఉన్నదంతా ఆ ఊరి డబ్బులోనే చెయ్యాలి. కాబట్టి రెండు కాగితాలు తీసుకోండి, ఒక్కో ఊరికి ఒకటి. ఒకే కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసుకుంటే, తెలియకుండానే చెయ్యి మారకపు రేటు వైపు పోతుంది.

రెండో మెట్టు: చేతికొచ్చే జీతం

దుబాయ్‌లో జీతం మీద వ్యక్తిగత ఆదాయ పన్ను లేదు. 14,000 అంటే 14,000 చేతికొస్తుంది. అయితే ఉద్యోగ పత్రంలో మూల వేతనం ఎంత, భత్యాలు ఎంత అన్నది విడిగా చూడండి. ఉద్యోగం వదిలినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మూల వేతనం మీదే లెక్క కడతారు. మొదటి అయిదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూల వేతనం. మూల వేతనం తక్కువ చేసి భత్యాలు పెంచి చూపించే ఉద్యోగ పత్రాలు ఎన్నో చూశాను. నెల జీతంలో తేడా కనిపించదు, వచ్చేసే రోజున కనిపిస్తుంది.

లండన్ సంగతి వేరు. ఏడాదికి 12,570 పౌండ్ల వరకు పన్ను లేదు. ఆ పైన 50,270 దాకా 20 శాతం ఆదాయ పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్, అంటే ప్రభుత్వ సామాజిక భద్రతకు జీతంలోంచి కట్టే వాటా. 42,000లో 12,570 తీసేస్తే 29,430. దానిమీద పన్ను 5,886, ఇన్సూరెన్స్ 2,354. మిగిలింది 33,760, అంటే నెలకు 2,813 పౌండ్లు. ఇది కాక కంపెనీ మిమ్మల్ని దానంతటదే పింఛను పథకంలో చేరుస్తుంది. 6,240 పౌండ్లు దాటిన జీతంలో కనీసం 5 శాతం మీ వాటా. పన్ను రాయితీ పోను నెలకు సుమారు 119 పౌండ్లు తగ్గుతాయి. వద్దనుకుంటే బయటకు రావచ్చు, కానీ కంపెనీ వేసే 3 శాతం కూడా పోతుంది. నేనైతే రావద్దంటాను. కాబట్టి చేతికొచ్చేది 2,694.

42,000ను పన్నెండుతో భాగిస్తే 3,500. మేనల్లుడి మనసులో ఉన్న అంకె అదే. నెలకు 800 పౌండ్ల తేడా ఇక్కడే బయటపడింది.

మూడో మెట్టు: ఒకే రకం ఇల్లు, ఒకే కొలత

మన జిల్లాలో ఇంటి స్థలాన్ని అంకణాల్లో చెబుతాం. ఒక ఊరి అంకణం మరో ఊరి అంకణం ఒకటి కాదని స్థలం కొన్నవాళ్లందరికీ తెలుసు. ఎంత కొలత అని అడగకుండా బేరం చెయ్యం. విదేశీ అద్దెల దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎక్కడికి పోతుందో తెలియదు.

లండన్ ప్రకటనల్లో అద్దె వారానికి ఇంత అని గాని, నెలకు ఇంత అని గాని ఉంటుంది. వారం అద్దెను నాలుగుతో గుణించకూడదు. నెలలో నాలుగు వారాల మీద రెండు మూడు రోజులుంటాయి. 52తో గుణించి 12తో భాగించాలి. వారానికి 335 అంటే నెలకు 1,340 కాదు, 1,452. ఏడాదికి 1,340 పౌండ్ల తేడా. అంటే వాడు అనుకున్న నెల అద్దె ఒకటి అదనంగా కడతాడన్నమాట.

దుబాయ్ ప్రకటనల్లో అద్దె ఏడాదికి చెబుతారు. స్టూడియో అంటే పడకగది విడిగా ఉండదు, వంటగది మూల తప్ప ఇల్లంతా ఒకే గది. లండన్‌లో ఒక పడకగది ఇంటిని దుబాయ్‌లో స్టూడియోతో పోల్చి, దుబాయ్ చవక అనేవాళ్లను చూశాను. మీకు కావలసిన ఇల్లు ఎలాంటిదో ముందు ఒక వాక్యంలో రాసుకోండి. మేం రాసుకున్నది ఇది: ఒక పడకగది, ఇద్దరు మనుషులు, ఆఫీసుకు గడప నుంచి గడపకు గంట లోపు ప్రయాణం, పక్కన మెట్రో లేదా రైలు.

ఆ గంట షరతు ముఖ్యం. లండన్‌లో రవాణాకు మధ్య నుంచి బయటికి 1 నుంచి 9 దాకా మండలాలున్నాయి. బయటికి పోయేకొద్దీ అద్దె తగ్గుతుంది, రైలు పాసు ధర పెరుగుతుంది. తూర్పు వైపు ఈస్ట్ హామ్ మూడో మండలానికీ నాలుగో మండలానికీ సరిహద్దు. దక్షిణాది దుకాణాలు, హోటళ్లు ఉన్న చోటు కాబట్టి మనవాళ్లు ముందు అటే చూస్తారు. దుబాయ్‌లో కరామా, బర్ దుబాయ్, దేరాల వైపు చూస్తారు. అద్దె భరించలేనివాళ్లు పక్కనే ఉన్న షార్జాలో ఇల్లు తీసుకుని రోజూ దుబాయ్ వచ్చిపోతుంటారు. అక్కడ మిగిలిన అద్దె కారు పెట్రోలుకు, సాలిక్ అనే రోడ్డు టోలుకు, అన్నిటికన్నా ఎక్కువగా ట్రాఫిక్‌లో కూర్చునే గంటలకు పోతుంది.

సగటు అద్దెలు తెలుసుకోవడానికి ఇష్టం వచ్చిన పోలిక సైట్లను నమ్మకండి. ఎవరు పడితే వాళ్లు అంకెలు వేసే చోట సగటుకు అర్థం లేదు. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం లండన్‌లోని ఒక్కో బరో (స్థానిక పాలనా ప్రాంతం) అద్దెలను నెలనెలా ప్రకటిస్తుంది. దుబాయ్ భూమి శాఖ అద్దె సూచిక ఆన్‌లైన్‌లోనే ఉంది, ప్రాంతం, ఇంటి రకం వేసి చూసుకోవచ్చు.

నాలుగో మెట్టు: టులెట్ బోర్డు మీద లేని అద్దె

నెల్లూరులో అపార్టుమెంటు అద్దెకు తీసుకున్నా మెయింటెనెన్సు వేరు, మోటారు కరెంటు వేరు, వేసవిలో ట్యాంకరు నీళ్ల చందా వేరు. పెద్ద ఊళ్లలో ఈ తోక ఇంకా పొడుగు.

లండన్ తోకలో పెద్దది కౌన్సిల్ టాక్స్, అంటే అక్కడి స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను. ఇంటి యజమాని కట్టడు, అద్దెకున్నవాళ్లే కట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం రాయితీ. పూర్తికాల విద్యార్థులు మాత్రమే ఉంటే అసలు ఉండదు. బరోను బట్టి, ఇల్లు ఏ బ్యాండులో (విలువను బట్టి ఇచ్చిన తరగతిలో) ఉందో దాన్ని బట్టి మారుతుంది. ఇల్లు చూసేటప్పుడే బ్యాండు అడగండి. మేం నెలకు 120 వేసుకున్నాం. గ్యాసు, కరెంటు 110, నీళ్లు 40, ఇంటర్నెట్ 30, ఒకరి ప్రయాణానికి 210.

దుబాయ్ తోకలో ఎవరూ ముందుగా చెప్పనిది మునిసిపాలిటీ గృహ రుసుము. ఏడాది అద్దెలో 5 శాతం, పన్నెండు భాగాలు చేసి కరెంటు, నీళ్ల బిల్లులోనే కలిపి వసూలు చేస్తారు. 66,000కు 3,300, నెలకు 275. మొదటి బిల్లు చూసి, ఇద్దరం ఇంత కరెంటు ఎలా వాడామని మొగుడూ పెళ్లాం పోట్లాడుకునేది దీని వల్లే. ఏసీ సంగతి కూడా తేల్చుకోవాలి. కొన్ని భవనాల్లో చల్లదనం ఖర్చు అద్దెలోనే ఉంటుంది, కొన్నిటిలో దానికి విడిగా బిల్లు వస్తుంది. రెండో రకమైతే వేసవి నెలల్లో లెక్క తారుమారవుతుంది. మేం అద్దెలోనే ఉన్నట్టు అనుకుని కరెంటు, నీళ్లకు 450, ఇంటర్నెట్‌కు 350, మెట్రోకు 350 వేసుకున్నాం.

ఇప్పుడు దుబాయ్ మొత్తం: 5,500, 275, 450, 350, 350 కలిపి 6,925. జీతంలో మిగిలేది 7,075 దిర్హంలు.

లండన్ మొత్తం వేసే ముందు ఒక అడ్డం వచ్చింది. అక్కడ చాలామంది ఏజెంట్లు పాటించే కొలబద్ద ఒకటుంది. మీ వార్షిక జీతం నెల అద్దెకు కనీసం 30 రెట్లు ఉండాలి. ఇది చట్టం కాదు, వ్యాపారంలో స్థిరపడిన అలవాటు. పన్ను కోతకు ముందు జీతాన్నే చూస్తారు. మేనల్లుడు చూసిన 1,452 పౌండ్ల ఇంటికి 43,560 జీతం కావాలి. వాడికి వచ్చేది 42,000. అంటే ఆ ఇల్లు వాడు కట్టగలడా లేడా అన్న చర్చకే తావు లేదు, ఏజెంటు గుమ్మం దగ్గరే ఆపేస్తాడు. జీతాన్ని 30తో భాగిస్తే వచ్చే 1,400 వాడి హద్దు, వారానికి 323. భార్యకు ఉద్యోగం వస్తే ఇద్దరి జీతాలు కలిపి చూస్తారు, అది వేరే కథ.

సరే, 1,400కు దొరికిందనుకుందాం. బిల్లులు, ప్రయాణం కలిపితే 1,910. చేతికొచ్చే 2,694లో మిగిలేది 784 పౌండ్లు.

అయిదో మెట్టు: గుమ్మం ఖర్చు

చాలామంది నెల లెక్క వరకు వచ్చి ఆగిపోతారు. నా అనుభవంలో కుటుంబాలు చిక్కుకునేది నెల దగ్గర కాదు, మొదటి రోజు దగ్గర. తాళం చెవి చేతికి రావడానికి ముందు ఎంత డబ్బు బల్ల మీద పెట్టాలి? దాన్నే నేను గుమ్మం ఖర్చు అంటాను. ఈ డబ్బు ఇక్కడి నుంచి, రూపాయల్లోంచి పోతుంది. బంగారం తాకట్టు పెట్టేదీ, రొయ్యల పట్టుబడి డబ్బు కోసం ఎదురు చూసేదీ దీని కోసమే.

దుబాయ్ పద్ధతి మనవాళ్లకు అర్థం కావడానికి నేను చెప్పే పోలిక కౌలు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు లీజుకు తీసుకునేవాళ్లను చూడండి. ఏడాదికి ఇంత అని మాట్లాడుకుంటారు, ఒకటి రెండు విడతల్లో ముందే కడతారు. దుబాయ్ ఇంటి అద్దె అచ్చంగా అలాంటిది. ఒప్పందం ఏడాదికి, చెల్లింపు రాబోయే తేదీలు వేసి ముందే ఇచ్చే చెక్కులతో. ఒకే చెక్కు ఇస్తే యజమాని కాస్త తగ్గిస్తాడు. నాలుగు, ఆరు, పన్నెండు చెక్కులు కావాలంటే అద్దె పెంచుతాడు. కాబట్టి ప్రకటనలో అద్దె పక్కన ఎన్ని చెక్కులో చూడకపోతే మీరు సగం ధరే చదివినట్టు.

నాలుగు చెక్కులనుకుంటే మా లెక్క ఇలా తేలింది. మొదటి చెక్కు 16,500. సామాను లేని ఇంటికి 5 శాతం డిపాజిట్ పెట్టడం అక్కడి ఆచారం, అది 3,300. సామాను ఉన్న ఇంటికైతే 10 శాతం. ఏజెంటు కమీషను మామూలుగా 5 శాతం, మరో 3,300, దానిమీద విలువ ఆధారిత పన్ను 165. కరెంటు, నీళ్ల కనెక్షనుకు ఫ్లాటుకైతే 2,000 డిపాజిట్. ఒప్పందాన్ని ఎజారీ అనే ప్రభుత్వ అద్దె నమోదు వ్యవస్థలో నమోదు చెయ్యడానికీ, కనెక్షనుకూ కలిపి 400 అనుకున్నాం. మొత్తం 25,665 దిర్హంలు. రూపాయల్లో 6,16,000. ఒకే చెక్కు అడిగితే 75,165 దిర్హంలు, 18 లక్షల పైమాటే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చెక్కు పుస్తకం కావాలంటే బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకు అక్కడి నివాస గుర్తింపు కార్డు కావాలి. అవి వచ్చేదాకా కొన్ని వారాలు రోజు అద్దెకో, నెల అద్దెకో ఎక్కడో ఉండాలి. ఆ ఖర్చు విడిగా రాసుకోండి. సామాను లేని ఫ్లాటులో చాలాసార్లు పొయ్యి, ఫ్రిజ్, బట్టలు ఉతికే యంత్రం కూడా ఉండవు. వీటన్నిటికీ కలిపి ఇంకో రెండు లక్షలు పక్కన పెట్టమన్నాను. మేనల్లుడి ముఖంలో మొదటిసారి రంగు మారింది.

లండన్‌లో దీనికి పూర్తిగా విరుద్ధం. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే డిపాజిట్ అయిదు వారాల అద్దెను మించకూడదు. ఇల్లు పట్టి ఉంచడానికి తీసుకునే సొమ్ము ఒక వారం అద్దెను మించకూడదు. అద్దెదారు నుంచి ఏజెంటు కమీషను తీసుకోవడమే నిషిద్ధం. 1,400 అద్దెకు డిపాజిట్ 1,615, మొదటి నెల అద్దె 1,400, మొత్తం 3,015 పౌండ్లు. రూపాయల్లో 3,47,000. దాదాపు దుబాయ్‌లో సగం.

కానీ అదే సంచిలోంచి పోయే ఇంకో ఖర్చుంది. బ్రిటన్ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే ఆరోగ్య రుసుము కట్టాలి. పెద్దవాళ్లకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ఒకేసారి. మూడేళ్లకు ఇద్దరికి 6,210 పౌండ్లు, 7,14,000 రూపాయలు. ఇది అద్దె కాదని పక్కన పెడితే కాగితం మీద లండన్ గెలుస్తుంది, మీ బ్యాంకు ఖాతాలో ఓడిపోతుంది. కొన్ని కంపెనీలు ఉద్యోగి వరకైనా దీన్ని భరిస్తాయి. ఉద్యోగ పత్రం మీద సంతకం పెట్టకముందే అడగాలి. అలాగే దుబాయ్‌లో గృహ భత్యాన్ని ఏడాదికి ముందుగా ఇచ్చి నెలనెలా జీతంలో తగ్గించుకునే కంపెనీలున్నాయి. అదీ ముందే అడగాలి. జీతం పెంచమని అడగడానికి మొహమాటపడే మనవాళ్లు ఈ రెండూ అడగడానికి ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు. కంపెనీకి అది చిన్న విషయం, మీకు బంగారం తాకట్టు తప్పుతుంది.

గుమ్మం ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు మోసాల మాట దాటవేయలేను. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక తండ్రి లండన్‌లో చదివే కొడుకు కోసం రెండు నెలల అద్దె, డిపాజిట్ ఒకేసారి పంపాడు. ఫొటోలు చూసి తీసుకున్న ఇల్లు. ఆ చిరునామాలో ఇల్లు ఉంది, కానీ అది అద్దెకు లేదు. ఆ సొమ్ము పంపే ఫారం మీద ముద్ర వేసింది నేనే కాబట్టి ఇప్పటికీ గుర్తుంటుంది. ఎవరో ఒకరు లోపలికి వెళ్లి చూడకుండా ఒక్క పౌండు కూడా పంపకండి. దుబాయ్ ప్రకటనల మీద అనుమతి సంఖ్య, స్కాన్ చేసుకునే చతురస్రపు గుర్తు ఉంటాయి, అవి భూమి శాఖ దగ్గర సరిపోవాలి. ఇంగ్లండ్‌లో ఏజెంటు ఒక ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యుడై ఉండి తీరాలి. డిపాజిట్‌ను 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో నమోదు చెయ్యాలి.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఒక మాట. దుబాయ్‌లో గదిని చెక్కలతో అడ్డంగా విడగొట్టి అద్దెకిచ్చే చోట్లు చవకగా దొరుకుతాయి. అనుమతి లేని ఆ ఏర్పాటు చట్టవిరుద్ధం, తనిఖీ వస్తే రాత్రికి రాత్రి సామానుతో రోడ్డు మీద నిలబడాలి. లండన్‌లో పంచుకునే ఇంట్లో ఒక గది తీసుకోవడం పరువు తక్కువ పనేం కాదు. బిల్లులు కలిపి చెప్పే గదులే వెతకండి, లెక్క సగం తగ్గుతుంది.

ఆరో మెట్టు: ఇంటికి పంపే డబ్బు

అద్దె ఆదాయంలో 30 శాతం దాటకూడదని ఇంటర్నెట్‌లో ప్రతి లెక్కల యంత్రమూ చెబుతుంది. ఈ 30 అమెరికా ప్రభుత్వ గృహాల నుంచి వచ్చింది. 1969లో అక్కడ అద్దెకు 25 శాతం హద్దు పెట్టారు, 1981లో దాన్ని 30 చేశారు. కావలిలో ఇంటి అప్పు వాయిదా 30,000, అమ్మానాన్నలకు నెలకు 10,000 పంపాల్సిన కుర్రాడి కోసం చేసిన సూత్రం కాదది.

మా రెండు కాగితాల్లోనూ అద్దె ఒక్కటే చూసినా 30 దాటేసింది. దుబాయ్‌లో 39, లండన్‌లో చేతికొచ్చే జీతం మీద 52. శాతాన్ని పట్టుకుని కూర్చుంటే ఇద్దరూ కావలిలోనే ఉండిపోవాలి. అందుకే నేను శాతం చూడను. అద్దె, బిల్లులు, ప్రయాణం, ఇంటికి పంపే డబ్బు పోయాక ఆ ఊరి డబ్బులో ఎంత మిగిలింది, దానితో ఇద్దరు తిని, జబ్బు చేస్తే తట్టుకుని, ఏడాదికోసారి టికెట్ కొనుక్కోగలరా అన్నదే చూస్తాను.

రూపాయి లెక్కలోకి రెండోసారి వచ్చేది ఇక్కడే. 40,000 రూపాయలంటే 348 పౌండ్లు లేదా 1,667 దిర్హంలు. లండన్‌లో 784లోంచి అవి తీస్తే 436 మిగులుతాయి. దుబాయ్‌లో 7,075లోంచి తీస్తే 5,408. లండన్‌లో ఇద్దరి తిండికే 436 సరిపెట్టుకోవడం కష్టం. "బియ్యం ఇక్కడి నుంచే మోసుకుపొమ్మంటావా?" అని అక్క అడిగింది. నెల్లూరు మొలగొలుకులు ఎంత మంచివైనా విమానంలో బరువు లెక్కకు ఆగవు.

ఇంకో తేడా కూడా రాసుకోండి. దిర్హం 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. రూపాయి డాలరు ముందు ఎలా కదిలితే దిర్హం ముందు అలాగే కదులుతుంది. పౌండు అలా కాదు, తన దారిన తాను పెరుగుతుంది, తగ్గుతుంది. ఇంటి అప్పు వాయిదా కదలకుండా ఉన్నప్పుడు పౌండు ఒక్కసారి పది రూపాయలు తగ్గితే మీరు పంపాల్సింది 348 నుంచి 381 అవుతుంది. మిగిలేది 436 ఉన్న ఇంట్లో 33 చిన్న సంఖ్య కాదు.

ఏడో మెట్టు: రెండో ఏడాది, వదిలే రోజు

దుబాయ్‌లో 2013 నాటి 43వ ఉత్తర్వు అద్దె పెంపుకు మెట్లు కట్టింది. మీ అద్దె అక్కడి సూచికకు 10 శాతం లోపు తక్కువగా ఉంటే పెంచకూడదు. 11 నుంచి 20 శాతం తక్కువైతే 5 శాతం, 30 దాకా 10, 40 దాకా 15, అంతకన్నా తక్కువైతే 20 శాతం వరకు. మార్పు ఏదైనా ఒప్పందం ముగియడానికి 90 రోజుల ముందు చెప్పాలి. దీనిలో ఒక తమాషా ఉంది. మొదటి ఏడాది బేరమాడి బాగా తక్కువకు తీసుకున్నవాళ్లకే రెండో ఏడాది ఎక్కువ పెరిగే అవకాశం. కాబట్టి దుబాయ్ కాగితం మీద సూచికలోని అద్దె కూడా రాసుకోండి.

ఇంగ్లండ్‌లో 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టంలోని ముఖ్యమైన మార్పులకు 2026 మే 1 తేదీ పెట్టారు. వాటి ప్రకారం అద్దె ఏడాదికి ఒక్కసారే, రెండు నెలల నోటీసుతో పెంచాలి. ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడగకూడదు. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర ఆరు నెలల అద్దె ఒకేసారి అడిగే పాత అలవాటుకు అది అడ్డుకట్ట. అద్దెదారు రెండు నెలల నోటీసుతో ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు. దుబాయ్‌లో ఏడాది మధ్యలో వెళ్లిపోతే ఒప్పందంలో ఏం రాసుకున్నారో అదే వర్తిస్తుంది, చాలా ఒప్పందాల్లో రెండు నెలల అద్దె జరిమానాగా ఉంటుంది. ఉద్యోగం పోతే ఏమిటన్న ప్రశ్న అడగడం అశుభం కాదు. ఆ రెండు నెలలు, అంటే 11,000 దిర్హంలు, దుబాయ్ కాగితం అడుగున ఎర్ర సిరాతో రాయించాను.

ఎనిమిదో మెట్టు: ఒక్కొక్క అంకె మార్చి చూడటం

ఇక్కడిదాకా దుబాయ్‌దే పైచేయి. మేనల్లుడు లేవబోయాడు. కూర్చోమని, అంకెలు ఒక్కొక్కటే మార్చమన్నాను. ఏ అంకె మారితే ఫలితం తిరగబడుతుందో తెలియనంతవరకు లెక్క పూర్తయినట్టు కాదు.

అద్దె రెండు చోట్లా పది శాతం పెంచి చూశాం, ఫలితం మారలేదు. రేట్లు మార్చాం, మారలేదు. పిల్లలు పుట్టి బడికి వెళ్లే వయసు వచ్చిందనుకున్నాం. లండన్‌లో ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. దుబాయ్‌లో మన పిల్లలు వెళ్లేవి ప్రైవేటు బడులే, ఫీజు తల్లిదండ్రుల మీదే. కాగితాల మధ్య దూరం తగ్గింది.

తర్వాత భార్య ఉద్యోగం. ఆ అమ్మాయి ఒంగోలులో బీ ఫార్మసీ చదివింది. అప్పటిదాకా పక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. బ్రిటన్ నైపుణ్య ఉద్యోగ వీసా మీద వెళ్లిన వ్యక్తి జీవిత భాగస్వామికి అక్కడ పనిచేసే హక్కు వీసాతోనే వస్తుంది. ఏదో ఒక మందుల దుకాణంలో ఏడాదికి 24,000 పౌండ్ల ఉద్యోగం దొరికిందనుకుందాం. పన్ను, ఇన్సూరెన్స్, పింఛను పోను నెలకు 1,674 చేతికొస్తుంది. ఆమె ప్రయాణానికి 210 తీసేస్తే 1,464. ఇంతకు ముందు మిగిలిన 436తో కలిపితే 1,900 పౌండ్లు, మన డబ్బులో 2,18,500. దుబాయ్‌లో మిగిలిన 5,408 దిర్హంలు 1,29,800 అవుతాయి. కాగితాలు తిరగబడ్డాయి. దుబాయ్‌లోనూ ఆమె పనిచేయవచ్చు, కాకపోతే ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆమె పేరు మీద పని అనుమతి తీసుకోవాలి.

"అయితే మొత్తం నా ఉద్యోగం మీదే ఆధారపడి ఉందా బాబాయిగారూ?" అని ఆ అమ్మాయి అడిగింది. అవునన్నాను. రెండు కాగితాల్లోనూ ఆమె జీతానికి ఒక గడి గీసి ఖాళీగా వదిలాం. లండన్ గడిలో నేను పెట్టిన 24,000ను ఆమె పెన్సిలుతో కొట్టేసి, పక్కన ప్రశ్నార్థకం వేసింది. దుబాయ్ గడిలోనూ అదే వేసింది. వచ్చే మంగళవారం ఆమెకు ఫోనులో రెండు ఇంటర్వ్యూలున్నాయి, ఒక్కో ఊరి నుంచి ఒకటి. కాగితాలు మా ఇంట్లోనే, గోద్రెజ్ బీరువా పై అరలో ఉన్నాయి.